సొరచేప బొమ్మ వేసిన బట్టకు లెక్క ఉండాలి

సంపాదకులకు,

ఆర్యా,

హైదరాబాదులో ఇంజినీరింగు చదువుతున్న మా మనవడు దసరా సెలవులకు చౌటుప్పల్ వచ్చినప్పుడు వేసుకున్న టీషర్టు మీద, రొమ్మంతా నిండేటట్టు, నోరు తెరిచిన సొరచేప బొమ్మ ఉంది. ఇదేం బొమ్మరా అని అడిగితే, ‘‘ఇది ఉత్త టీషర్టు కాదు తాతా, ఒక ఆర్టిస్టు గీసిండు. దీని పైసలల్ల కొన్ని సొరచేపలను కాపాడేటందుకు పోతయి’’ అని గర్వంగా చెప్పాడు. వాడి మంచి మనసుకు సంతోషించాను గానీ, ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పిన అలవాటు ఊరుకోనివ్వక, ఆ చొక్కా దండెం మీద ఆరుతున్నప్పుడు కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూశాను. తోకను డాల్ఫిన్ తోకలాగా అడ్డంగా పరిచి గీశారు. చేప తోక నిలువుగా ఉంటుంది, సొర కూడా చేపే. మొప్పల చీలికలు మూడే వేశారు. ఎక్కువ జాతుల సొరలకు పక్కకు ఐదేసి ఉంటాయి. మెడ లోపల కుట్టిన చిన్న పట్టీ మీద నూటికి నూరు శాతం పాలిస్టర్ అని ఉంది. చొక్కాతో పాటు వచ్చిన అట్టముక్క మీద, ఆదాయంలో కొంత భాగం సొరచేపల సంరక్షణకు ఇస్తామని అచ్చు వేశారు. ఎంత భాగమో, ఎవరికి ఇస్తారో, ఏ సముద్రంలో ఖర్చు పెడతారో ఒక్క మాట లేదు. మనవడి చేత ఆ అమ్మకందారుకు మర్యాదగా ఒక ఉత్తరం రాయించాను. నాలుగు నెలలు దాటింది, జవాబు రాలేదు.

ఆ అమ్మకందారు సంగతి అలా ఉంచుదాం. చిత్రకారులు గీసిన బొమ్మలను బట్టల మీద వేసి, ఆ డబ్బులో కొంత సముద్ర జీవుల రక్షణకు ఇచ్చే పద్ధతి కొన్ని దేశాల్లో ఎప్పటి నుంచో ఉంది, ఇప్పుడు మన పిల్లల దాకా వచ్చింది. ఇది మంచి పద్ధతే. అయితే అలాంటి బట్ట మీద బొమ్మ నిజంగా ఉండాలనీ, బట్ట నూలు సముద్రానికి చేటు చేయనిదై ఉండాలనీ, వసూలైన రూపాయి ఎక్కడికి పోయిందో కొన్నవాడికి తెలియాలనీ నా మనవి. ఈ మూడూ ఒక్క చోట కుదరాలంటే మన పుట్టపాక, పోచంపల్లి మగ్గాల కంటే అనువైన చోటు నాకు కనిపించడం లేదు. నేను పద్మశాలి ఇంట్లో పుట్టిన వాడిని కనుక పక్షపాతం ఉందని ఎవరైనా అంటే కాదనను.

నల్గొండ దిక్కువాడికి సొరచేపలతో ఏం పని అని పాఠకులకు అనిపించవచ్చు. ఇక్కడి నుంచి సముద్రం సుమారు 200 కిలోమీటర్ల దూరం. కానీ మా ఇంటి వెనుక మోరీలో పోసిన సబ్బునీళ్లు వాన పడితే వాగులో కలుస్తాయి, వాగు పోయి మూసీలో కలుస్తుంది, మూసీ వలిగొండ మీదుగా పారి, కేతేపల్లి దగ్గరి ప్రాజెక్టు దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో పడుతుంది. వాడపల్లి సంగమంలో స్నానం చేసే వాళ్లలో, అక్కడి నీరు పులిచింతల, బెజవాడ దాటి హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలోకి పోతుందని తలుచుకునే వాళ్లు తక్కువ. నదులు సముద్రంలో కలుస్తాయని ఎనిమిదో తరగతిలో నేనే కొన్ని వందల మందికి చెప్పాను. నదితో పాటు మా మోరీ కూడా కలుస్తుందని ఆ రోజుల్లో నాకూ తట్టలేదు.

సొరలు ఈ భూమి మీద 40 కోట్ల సంవత్సరాలకు పైగా ఉన్నాయి. రాక్షసబల్లులు పుట్టక ముందే, అడవులు ఏర్పడక ముందే వాటి పూర్వజాతులు సముద్రంలో ఈదాయి. ఇప్పుడున్నవి 500కు మించిన జాతులు. అరచేతిలో ఇమిడేవి కొన్ని, మన ఆర్టీసీ బస్సంత పొడవు పెరిగేవి కొన్ని. ఇంత కాలం నిలిచిన జీవికి మన తరంలోనే కష్టం వచ్చింది. మహాసముద్రాల మధ్య తిరిగే సొరలు, వాటి దాయాదులైన రే చేపలు కలిపి 1970 నుంచి అర్ధ శతాబ్దంలో 71 శాతం తగ్గిపోయాయని 2021లో నేచర్ పత్రికలో శాస్త్రజ్ఞులు లెక్క చెప్పారు. అదే ఏడాది అచ్చయిన మరొక అంచనా ప్రకారం సొరలు, రే చేపలు, వాటి దగ్గరి బంధువుల జాతుల్లో మూడింట ఒక వంతుకు పైగా అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. ప్రధాన కారణం మితిమీరిన వేట. రెక్కల సూపు కోసం, కాలేయపు నూనె కోసం, మాంసం కోసం కావాలని పట్టేవి కొన్ని. వేరే చేపల కోసం వేసిన వలల్లో, మైళ్ల పొడవు గాలపు తాళ్లకు చిక్కి చచ్చేవి మరెన్నో.

చేపలు ఎంత పట్టినా మళ్లీ పుడతాయి కదా అని చెరువులు చూసి పెరిగిన మనకు అనిపిస్తుంది. మన చెరువుల్లో పెంచే రవ్వ చేప ఒక్క కాన్పులో లక్షల గుడ్లు పెడుతుంది. సొర అలా కాదు. కొన్ని జాతుల్లో ఆడది ఈడుకు రావడానికే ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది. చాలా జాతులు కడుపులోనే పిల్లలను మోసి, కొద్ది సంఖ్యలో కంటాయి. ముళ్ల డాగ్‌ఫిష్ అనే చిన్న సొర దాదాపు రెండేళ్లు గర్భం మోస్తుంది, అది ఏనుగు మోసేటంత కాలం. ఇంత నిదానంగా పెరిగే దానిని చెరువు చేపను పట్టినట్టు పడితే తరగక ఏమవుతుంది?

వేటాడే జీవి పోతే మంచిదే కదా, తినే చేపలు పెరుగుతాయి కదా అనే వాళ్లున్నారు. మన రాష్ట్ర చేప కొరమీను వేటాడే చేపే. చేపపిల్లలు వదిలే ముందు చెరువులో కొరమీనులను, వాలుగలను ఏరివేయడం చేపల పెంపకం తెలిసిన వాళ్లందరూ చేసే పనే, అందులో తప్పు లేదు. అది మనం విత్తి మనం కోసుకునే పొలం లాంటిది. సముద్రం ఎవరూ విత్తనిది. దానికి పోలిక చెరువులో దొరకదు, అమ్రాబాద్ అడవిలో దొరుకుతుంది. పులి, చిరుత తిరిగే చోట దుప్పి తల ఎత్తి ఎత్తి మేస్తుంది, ఒక్క చోట నిలబడి గడ్డిని వేర్లతో సహా పీకదు. ఆస్ట్రేలియా పడమటి తీరంలో షార్క్ బే అనే చోట శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి గమనించింది సరిగ్గా ఇదే. పులి సొరలు ఎక్కువగా తిరిగే కాలంలో, సముద్రపు ఆవులూ తాబేళ్లూ గడ్డి దట్టంగా ఉన్న లోతు తక్కువ మెట్టలకు పోవడానికి జంకుతాయి, ఆ గడ్డి బతుకుతుంది. ఆ గడ్డిలోనే చేపపిల్లలు పెరుగుతాయి. సొర తిన్న దానికంటే, సొర ఉందన్న భయం చేసే పని ఎక్కువన్న మాట.

ఇక మన భయం సంగతి. ప్రపంచం మొత్తం మీద సొరచేప కరిచి చనిపోయే వాళ్లు ఏడాదికి సగటున పది మందికి లోపే. మన దేశంలో పాము కాటుకు 2000 నుంచి 2019 వరకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో ఒక అధ్యయనం తేల్చింది, అంటే ఏడాదికి 58 వేల మంది. అయినా నాగుల చవితినాడు పుట్ట దగ్గరికి పోయి దండం పెట్టి వస్తాం. పాలు పోయడం శాస్త్రం ఒప్పదని పిల్లలకు చెప్పిన వాడినే నేను, కానీ పామును శత్రువుగా కాక పొలిమేర పంచుకునే జీవిగా చూసే ఆ అలవాటు మాత్రం గొప్పదని ఇప్పటికీ అనుకుంటాను. సొరచేపకు అలాంటి చవితి లేదు. దానికి దక్కినవి సినిమా పోస్టర్లు, వాటి మీద కోరలు. సొరను కాపాడమని చెప్పే టీషర్టు కూడా ఆ పోస్టర్ బొమ్మనే తెచ్చి వేస్తే, వేసుకున్న వాడు ఒకటి చెబుతాడు, చొక్కా ఇంకొకటి చెబుతుంది.

చిత్రకారుడికి జీవి తెలిస్తే ఎంత పని జరుగుతుందో చెప్పడానికి జమైకాలో పెరిగిన గై హార్వీ ఉదాహరణ చాలు. ఆయన మత్స్యశాస్త్రంలో డాక్టరేటు చేసి తర్వాత బొమ్మల వైపు వచ్చిన మనిషి. ఆయన గీసిన సముద్ర చేపలు, సొరలు టీషర్టుల మీద అమెరికా తీరమంతా తిరిగాయి. ఆయన పేరుతో ఫ్లోరిడాలోని నోవా సౌత్ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో 1999లో పరిశోధన సంస్థ ఏర్పడింది. అక్కడి వాళ్లు సొరల వీపు రెక్కకు చిన్న పరికరాలు తగిలించి అవి ఏ దారిన పోతున్నాయో లెక్క కట్టి అందరికీ చూపిస్తున్నారు. కొన్నవాడు తన చొక్కా మీది చేప ఏ దారిన పోతోందో చూసుకోగలిగితే, డబ్బు ఎటు పోయిందని వేరే అడగనక్కర లేదు.

మన దేశంలోనూ ఇంతకంటే గొప్ప పని ఒకటి జరిగింది, టీషర్టు లేకుండానే. గుజరాత్‌లో సౌరాష్ట్ర తీరానికి ఏటా వచ్చే తిమింగల సొరలను వందల సంఖ్యలో చంపే వారు; కాలేయపు నూనెను పడవలకు పూసే వారు, మాంసాన్ని విదేశాలకు పంపే వారు. 2001లో కేంద్రం ఆ చేపను వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులోకి చేర్చింది. చట్టం కాగితం మీద ఉంటే జాలరికి ఏం తెలుస్తుంది? 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా మొదలుపెట్టిన ప్రచారంలో, రామకథ చెప్పే మొరారీ బాపు ఆ చేపను ‘వహాలీ’ అన్నారు, అంటే ప్రియమైనదని. కాన్పుకు పుట్టింటికి వచ్చిన బిడ్డను ఎవరైనా చంపుకుంటారా అని అడిగారు. అసలు సైజులో గాలి నింపిన తిమింగల సొర బొమ్మను ఊరూరా తిప్పారు. ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: చేపను వదిలేయడానికి వల కోసుకున్న జాలరికి ఆ వల డబ్బు అటవీ శాఖ ఇచ్చింది. చంపిన చేతులే వందల చేపలను వదిలిపెట్టాయి. ఆ మాట మన తీరానికీ పాకిందనే అనుకుంటాను. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో వలకు చిక్కిన తిమింగల సొరను అటవీ శాఖ వాళ్లూ మత్స్యకారులూ కలిసి మళ్లీ లోతు నీళ్లలోకి పంపించారు.

ఇందులో నేను గమనించింది ఏమిటంటే, బొమ్మ మనసు కదిపింది, బంధుత్వం పిలిచింది, కానీ వల కోయించింది ఆ నష్టపరిహారమే. సొరచేపల పేరుతో బట్ట అమ్మే వాళ్లు వసూలు చేసిన డబ్బులో కొంతైనా మత్స్యకారుల వలలకు చేరకపోతే ఆ పని సగమే అయినట్టు. కోస్తాలో బాలింతలకు పాలు పడతాయని పాలసొర వండి పెట్టే ఇళ్లు ఉన్నాయి. వాళ్లను దోషులుగా నిలబెట్టి, నగరంలో కూర్చుని సొర బొమ్మ చొక్కా వేసుకోవడం నాకు నచ్చదు. 2001 జూలైలో కేంద్రం సొరలు, రే చేపలన్నింటి వేటనూ ఒక్కసారిగా నిషేధించి, మత్స్యకారులు గొడవ చేస్తే డిసెంబరులో పది జాతులకు కుదించిన సంగతి గుర్తుండే వాళ్లకు, జాలరిని అడగకుండా చేసిన ఆజ్ఞ ఎంత కాలం నిలుస్తుందో తెలుసు. తర్వాత 2015లో సొర రెక్కల ఎగుమతిని నిషేధించారు. 2022లో పనామాలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో రిక్వియం సొరల కుటుంబం మొత్తాన్ని వ్యాపార నియంత్రణ కిందికి తెచ్చారు. చట్టం మెల్లగా ముందుకే పోతోంది.

ఇక పాలిస్టర్ మాట. ఆరు కిలోల కృత్రిమ నూలు బట్టలను ఒక్కసారి యంత్రంలో ఉతికితే, బట్టను బట్టి, ఏడు లక్షలకు పైగా సూక్ష్మ పోగులు నీళ్లలోకి రాలవచ్చని ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రయోగం చేసి చూపారు. పాలిస్టర్‌కు ఆ లెక్క దాదాపు ఐదు లక్షలు వచ్చింది. సముద్రంలోకి నేరుగా చేరే సూక్ష్మ ప్లాస్టిక్‌లో మూడో వంతుకు పైగా ఇలా బట్టలు ఉతకడం వల్ల వచ్చేదేనని 2017లో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం అంచనా కట్టింది. తిమింగల సొర నోరు బార్లా తెరిచి, నీళ్లు లోపలికి తీసుకుని, మొప్పల దగ్గర వడపోసి, అందులోని అతి చిన్న జీవులను తిని బతుకుతుంది. దాన్ని కాపాడమని చెప్పే చొక్కా చౌటుప్పల్‌లో ఉతికినప్పుడల్లా దాని నోటికి ప్లాస్టిక్ పంపుతుందంటే, ఆ అట్టముక్క మీద రాసిన మాటకు విలువ ఏముంది? మోరీ, వాగు, మూసీ, కృష్ణ అని పైన నేను చెప్పిన దారి అందుకే చెప్పాను.

ఇప్పుడు మగ్గం దగ్గరికి వస్తాను. పుట్టపాక తేలియా రుమాలు గురించి మీ పాఠకులకు కొంత తెలిసే ఉంటుంది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నేత అసలు పుట్టిల్లు సముద్రపు ఒడ్డున చీరాల. నూలును నూనెలో, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో గడులు గడులుగా నేసిన ఆ గుడ్డను తీరంలోని బెస్తలు, పశువుల కాపరులు లుంగీగా కట్టుకునే వారు, తలకు చుట్టుకునే వారు. అరబ్బు దేశాలకు ఓడల్లో పోయేది. తర్వాత ఆ విద్య మెట్ట ప్రాంతానికి, మన పుట్టపాకకు చేరి ఇక్కడే నిలిచింది. గజం గోవర్ధన, గజం అంజయ్య గార్లకు పద్మశ్రీలు వచ్చింది ఈ నేత వల్లనే. అంటే ఒకప్పుడు జాలరి తలమీది గుడ్డ, ఇప్పుడు సముద్రం కనిపించని ఊళ్లో నేస్తున్నారు. ఆ గుడ్డ మీద విమానాలు, గడియారాలు కూడా నేసిన రోజులున్నాయి. కొత్త బొమ్మ వస్తే మగ్గం మైల పడుతుందని మా పెద్దలు ఏనాడూ అనుకోలేదు.

తిమింగల సొర వీపును పైనుంచి తీసిన ఫొటో చూసిన వాళ్లకు నేను చెప్పబోయేది వెంటనే తడుతుంది. ముదురు బూడిద రంగు చర్మం మీద లేత గీతలు నిలువుగా, అడ్డంగా పోతాయి, మధ్యన చుక్కలు. గడులు, గడుల్లో చుక్కలు. ఏ రెండు చేపల చుక్కలూ ఒక్క తీరుగా ఉండవు కనుక, ఖగోళ శాస్త్రజ్ఞులు నక్షత్రాల పటాలను పోల్చడానికి వాడే గణిత పద్ధతిని తీసుకుని, 2005లో పరిశోధకులు ఆ చుక్కలతోనే ఏ చేప ఏదో గుర్తుపట్టడం మొదలుపెట్టారు. ఫొటో తీసిన ఈతగాడు పంపిన చుక్కలే ఆ చేపకు ఆధార్ కార్డు. ఆ ఫొటోను మా అన్న కొడుకుకు చూపించాను. అతను ఇప్పటికీ ఇక్కత్ నేస్తాడు; మా దిక్కు దాన్నే చిటికి అంటారు. కొంచెం సేపు చూసి, ‘‘చిన్నాయనా, గుండ్రటి గీత మన చిటికిల రాదే, మెట్లు మెట్లుగనే వస్తది. పండ్లు, తోక అంటే కష్టం. సుక్కలైతే మనయే’’ అన్నాడు. చిత్రకారుడికి మగ్గం ఎందుకు తెలిసి ఉండాలో ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

తెలియని వాళ్ల కోసం ఆ పని ఎలా సాగుతుందో కొంచెం రాస్తాను. బొమ్మను ముందు గ్రాఫ్ కాగితం మీద గడులుగా విడగొడతారు. ఒక్కో గడికి ఇన్ని పోగులని లెక్క. పేక నూలును అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చట్రం మీద ఆసు పోస్తారు. పూర్వం ఇంటి ఆడవాళ్లు ఒక్క చీరకు చెయ్యిని తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిప్పే వారు. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆసు పోసిన నూలు మీద బొగ్గుతోనో పెన్సిలుతోనో గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట పాత సైకిలు ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. ముంచుతారు, ఆరబెడతారు, కొన్ని కట్లు విప్పి మళ్లీ ఇంకో రంగులో ముంచుతారు. తేలియా రుమాలుకు పడుగునూ పేకనూ రెండింటినీ ఇలాగే కట్టాలి. నేసేటప్పుడు పడుగు చుక్క మీదికి పేక చుక్క సరిగ్గా రావాలి. ఎంత బాగా కట్టినా, అంచు దగ్గర రంగు ఒక పోగు అటూ ఇటూ జరిగి కాస్త చెదురుతుంది. అచ్చు వేసిన బట్టలో ఆ చెదరడం ఉండదు, అసలు ఇక్కత్‌ను నకిలీ నుంచి పట్టుకునే గుర్తు అదే. నీళ్లలో కదిలే చేపను పైనుంచి చూసినా అంచులు అలాగే చెదురుతాయి. సొరకు ఇంత దగ్గరి నేత ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను.

ఒక్క సంగతి దాచకూడదు. మన మగ్గాల పనీ కడిగిన ముత్యం కాదు. రసాయన రంగులు ముంచిన నీళ్లను ఇంటి ముందరే పారబోసే వాడలు ఇప్పటికీ ఉన్నాయి. మన జిల్లా పత్తికి కొట్టే మందుల సంగతి రైతులకే తెలుసు. సొర పేరుతో నేసే బట్ట అయినా, కనీసం ఆ ఒక్క బట్ట, ఆముదపు బూడిద పద్ధతిలోనో, ఇతర చెట్ల రంగులతోనో నేసి, రంగునీళ్లకు గుంత తవ్వి ఇంకించి చేయాలని నా కోరిక. ఖరీదు పెరుగుతుంది, నిజమే. అందుకే దాన్ని టీషర్టుగా చేయమని అడగడం లేదు. టీషర్టు అల్లిక బట్ట, అది మన గుంటమగ్గం మీద రాదు కూడా. కండువాగానో రుమాలుగానో నేస్తే చాలు; ఒక కండువా పదేళ్లు ఉంటుంది, పాలిస్టర్ చొక్కా రెండేళ్లకు మూల పడుతుంది.

డబ్బు లెక్కకు కష్టమేమీ లేదు. కండువాతో వచ్చే అట్టముక్క మీద మూడు వరుసలు తెలుగులో ఉంటే చాలు: ఎవరు నేశారు, నేతకు ఎంత ముట్టింది, సముద్రానికి ఎంత ఎవరి చేతికి పోతుంది. వలలు నష్టపోయిన మత్స్యకారులకే ఆ డబ్బు చేరేటట్టు ఏర్పాటు చేసి, ఏడాదికోసారి సహకార సంఘం గోడ మీద ఆ లెక్క అంటించాలి. సంఘంలో పావలా పావలా లెక్క రాసుకునే అలవాటు మనకు ఎప్పటి నుంచో ఉంది. జూలై 14న సొరల అవగాహన దినం, ఆగస్టు 7న జాతీయ చేనేత దినం. ఈ రెండింటి మధ్య 24 రోజులు ఉన్నాయి. చేనేత శాఖ అధికారులకు, హైదరాబాదులో చిత్రకళ చదివే విద్యార్థులకు మీ పత్రిక ద్వారా నేను అడిగేది, ఆ మూడు వారాల్లో పుట్టపాకకు ఒకసారి వచ్చి మగ్గం ముందు కూర్చోవాలని. మిల్లు అచ్చు వేసి పోచంపల్లి పేరుతో అమ్మే నకిలీలను ఆపమని మేం ఏళ్లుగా పెట్టుకున్న దరఖాస్తులు అలాగే ఉన్నాయి. ఆ మాట కూడా అప్పుడు ఎదురుగా చెప్పుకుంటాం.

మా అన్న కొడుకు నా పోరు పడలేక ఒక మూర పొడవు నమూనా కట్టి నేశాడు. గళ్లు కుదిరాయి, మూడో వరుసలో రెండు చుక్కలు ఒకదానిలోకి ఒకటి ఒలికాయి. విప్పి మళ్లీ కడతానని అంటే, వద్దన్నాను. చేప వీపు మీద కూడా కొన్ని చుక్కలు అలాగే కలిసి ఉంటాయి. మనవడు సంక్రాంతికి వచ్చి దాన్ని మెడకు చుట్టుకుని చూసుకున్నాడు గానీ, నమూనా కనుక నేనే తీసి పెట్టుకున్నాను. ఏ చేనేత సంఘమైనా అడిగితే గ్రాఫ్ కాగితం నకలు ఉచితంగా ఇస్తాను. నా చిరునామా మీ కార్యాలయంలో ఇచ్చి ఉంచాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
చౌటుప్పల్